పూల్ మోటర్‌ని మెల్లగా తిప్పండి అని చెప్పడానికి అమెరికాకి 50 ఏళ్లు ఎందుకు పట్టింది?



మూడేళ్ల క్రితం, నేను ఇంకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఆఫీస్ పని మీద డల్లాస్ వెళ్లాను. అక్కడికి దగ్గర్లోనే ఫ్రిస్కోలో మా అక్కా వాళ్లు ఉంటారు. జెట్ లాగ్ కదా, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసింది. ఇల్లంతా నిశ్శబ్దం. కానీ పెరట్లోంచి ఆగకుండా గుయ్యిమని ఒకటే సౌండ్. పొద్దున్నే అడిగాను, "అక్కా, రాత్రంతా ఆ మోత ఏంటి?" అని. అక్క నవ్వి, "పూల్ మోటర్ రా. మేం నీళ్లలో దిగేది నెలకి నాలుగు సార్లు. అది తిరిగేది మాత్రం రోజూ. మా కరెంట్ బిల్లు ఎక్కడికి పోతోందో అడక్కు ఇంక" అంది.

ఆ తర్వాతి ఏడాది ఆ మోటర్ కాలిపోయింది. టెక్నీషియన్ వచ్చి రెండు ఆప్షన్లు చెప్పాడట. ఒకటి, అదే సైజు మోటర్ కొత్తది తెచ్చి పాత పంపుకే బిగించడం. చవక, గంటలో పని అయిపోతుంది. రెండోది, మొత్తం పంపునే మార్చి వేరియబుల్ స్పీడ్ పంపు పెట్టడం. దానికి చాలా ఎక్కువ అవుతుంది. బావగారు వెంటనే నాకు వీడియో కాల్ చేశారు. "ఏవయ్యా, నువ్వు బీటెక్ కదా, ఏది పెట్టించమంటావ్?" అని. నాది సీఎస్ఈ బావగారూ, నాకు మోటర్ల గురించి ఏం తెలుసు! ఒక్కరోజు టైమ్ ఇవ్వండి అన్నాను. ఆ ఒక్కరోజు చదవడం మొదలుపెడితే, ఒక చిన్న మోటర్ వెనక ఇంత పెద్ద చరిత్ర ఉందా అనిపించింది. ఈ రోజు ఎపిసోడ్ అదే.

ముందు ఒక నంబర్ చెప్తాను. 1950లో అమెరికాలో ఇంటి పెరట్లో, భూమిలోకి తవ్వి కట్టిన స్విమ్మింగ్ పూల్ ఉన్న కుటుంబాలు సుమారు 2,500 మాత్రమే. సినిమా స్టార్లు, బాగా డబ్బున్న వాళ్లు, అంతే. 1999కి వచ్చేసరికి ఆ సంఖ్య సుమారు 40 లక్షలు. యాభై ఏళ్లలో 2,500 ఎక్కడ, 40 లక్షలు ఎక్కడ!

ఎందుకు పెరిగాయి అంటే చాలా కారణాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరి బయట కొత్త కాలనీలు వచ్చాయి, పెద్ద పెరళ్లు వచ్చాయి, కాంక్రీట్‌ని గన్‌తో స్ప్రే చేసి పూల్ కట్టే పద్ధతి వల్ల ఖర్చు తగ్గింది. కానీ పెద్దగా మాట్లాడుకోని కారణం ఇంకొకటి ఉంది. అది వర్ణ వివక్ష. నల్లజాతి వాళ్లని కూడా పబ్లిక్ పూల్స్‌లోకి రానివ్వాలని కోర్టులు చెప్పడం మొదలుపెట్టాక, తెల్లవాళ్లు చాలామంది ఆ పూల్స్‌కి రావడం మానేశారు. కొన్ని ఊళ్లయితే అందరినీ కలిపి ఈదనివ్వడం ఇష్టం లేక పూల్స్‌నే మూసేశాయి. మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ అనే ఊరు 1963లో ఇదే పని చేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971లో 5-4 మెజారిటీతో, మూసేసుకోవచ్చు అని తీర్పు వచ్చింది.

కరెంట్ గురించి మాట్లాడుతూ ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఊరందరికీ ఒక పూల్ ఉంటే దానికి ఒక మోటర్ రూమ్ చాలు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి ఉంటాడు. అదే ఎవరి పెరట్లో వాళ్లకి పూల్ ఉంటే ఇంటికో మోటర్, ఇంటికో ఫిల్టర్, చాలా చోట్ల ఇంటికో హీటర్. చూసుకునే మనిషి ఎవరూ ఉండరు. ఆన్ చేసి వదిలేస్తారు.

సరే. 1973 అక్టోబర్‌కి వద్దాం. అరబ్ దేశాలు అమెరికాకి ఆయిల్ ఆపేశాయి. బ్యారెల్ సుమారు 3 డాలర్లు ఉన్న ఆయిల్ కొన్ని నెలల్లోనే 12 డాలర్లకి దగ్గరైంది. పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు. అప్పటిదాకా ఎనర్జీ అంటే నీళ్లలా వాడుకున్న దేశం మొదటిసారి ప్రతి స్విచ్ వైపు అనుమానంగా చూసింది. ఆ తర్వాతి ఏడాది, 1974లో, కాలిఫోర్నియాలో వారెన్-ఆల్క్విస్ట్ చట్టం వచ్చింది. దానితోనే కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ పుట్టింది. ఫ్రిజ్, ఏసీ లాంటి వస్తువులు మా రాష్ట్రంలో అమ్మాలంటే ఇంతకంటే ఎక్కువ కరెంట్ తినకూడదు అని చెప్పే అధికారం ఆ కమిషన్‌కి ఉంది. ఆ చట్టం మీద సంతకం పెట్టిన గవర్నర్ ఎవరో తెలుసా? రొనాల్డ్ రీగన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అప్పట్లో పూల్ అనగానే అందరి కళ్లూ పడింది హీటర్ మీద. ఎక్కువ హీటర్లు గ్యాస్‌తో నడిచేవి కాబట్టి అక్కడ వృథా కళ్లకి కనిపిస్తుంది. దీనికి జవాబు ఆయిల్ సంక్షోభం కంటే ముందే రెడీగా ఉంది. 1969లోనే కాలిఫోర్నియాలో ఫ్రీమన్ ఫోర్డ్ అనే ఆయన ఫాఫ్కో అనే కంపెనీ పెట్టి, నల్లటి ప్లాస్టిక్ సోలార్ ప్యానెల్స్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఐడియా మనకి కొత్తేం కాదు. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట బాత్‌రూమ్‌లో ట్యాప్ తిప్పితే చెయ్యి కాలేంత వేడి నీళ్లు వస్తాయి కదా? డాబా మీద నల్ల ట్యాంకు, దాని పైపులు చేసే పని అది. పూల్ నీళ్లు మరిగిపోనక్కర్లేదు. 27, 28 డిగ్రీలుంటే చాలు. అందుకే దీనికి అద్దం అక్కర్లేదు, రాగి గొట్టాలు అక్కర్లేదు. పూల్ నీళ్లని ఇంటి పైకప్పు మీది ప్లాస్టిక్ ప్యానెల్స్‌లోంచి తిప్పి మళ్లీ పూల్‌లోకి వదిలితే సరి.

ఇక్కడ ఒక చిన్న వైట్ హౌస్ కథ. 1979లో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ వైట్ హౌస్ పైకప్పు మీద నీళ్లు వేడి చేసే సోలార్ ప్యానెల్స్ పెట్టించాడు. ఆయన తర్వాత ప్రెసిడెంట్ అయింది మన రీగన్. 1986లో పైకప్పు రిపేర్ల టైమ్‌లో వాటిని దింపేశారు, మళ్లీ ఎక్కించలేదు. 1974లో ఎనర్జీ కమిషన్‌కి సంతకం పెట్టిన మనిషి హయాంలోనే! తర్వాత 2002లో జార్జ్ బుష్ టైమ్‌లో, పెద్దగా హడావిడి ఏం లేకుండా, వైట్ హౌస్ ఆవరణలోకి సోలార్ తిరిగొచ్చింది. దాంట్లో ఒక భాగం వేడి చేసేది దేన్నో తెలుసా? ప్రెసిడెంట్ గారి స్విమ్మింగ్ పూల్‌ని.

సోలార్ కంటే చవకైన విషయం ఇంకోటుంది. దుప్పటి. నిజంగా, పూల్ మీద కప్పే కవర్. మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో చిన్నప్పుడు చదివాం కదా? కుండ పైనుంచి నీళ్లు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. పూల్ అంటే పెరట్లో పెట్టిన ఒక పెద్ద కుండే. లెక్క చూస్తే, ఒక లీటరు నీళ్లు ఆవిరైపోతే అవి పట్టుకెళ్లే వేడి, సుమారు 580 లీటర్ల నీళ్లని ఒక డిగ్రీ చల్లబరచడానికి సరిపోతుంది. పూల్ పోగొట్టుకునే వేడిలో ఎక్కువ భాగం ఇలాగే పోతుంది. అందుకే ఈదనప్పుడు కవర్ వేస్తే హీటింగ్ ఖర్చు 50 నుంచి 70 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ చెప్తుంది. ఒక ప్లాస్టిక్ షీట్‌తో!

సరే, సోలార్, కవర్ రెండూ బాగున్నాయి. కానీ అవి హీటర్ వాడే వాళ్లకే కదా పనికొచ్చేది. హీటర్ ఉన్నా లేకపోయినా ప్రతి పూల్‌లో తిరిగేది ఒకటుంది. అక్క చెప్పిన గుయ్యిమనే సౌండ్. మోటర్. దాని జోలికి మాత్రం చాలాకాలం ఎవరూ వెళ్లలేదు.

ఆ మోటర్ పని చాలా సింపుల్. నీళ్లని లాగి, ఫిల్టర్‌లోంచి పంపి, మళ్లీ పూల్‌లోకి వదలడం. మామూలుగా రోజుకి ఒకసారి పూల్‌లోని నీళ్లన్నీ ఫిల్టర్ దాటాలని చూస్తారు. పాత మోటర్లకి ఒకటే స్పీడ్, నిమిషానికి 3,450 చుట్లు. పూల్ అడుగున చెత్త లాగేటప్పుడు అంత ఫోర్స్ కావాలి, నిజమే. కానీ అది వారంలో ఏ ఒకటి రెండు గంటలో. మిగతా టైమ్‌లో నీళ్లు నెమ్మదిగా ఫిల్టర్ దాటితే చాలు. అయినా మోటర్‌కి ఒకటే గేర్, అదీ టాప్ గేర్.

ఇప్పుడు అసలు ఫిజిక్స్. బైక్ నడిపే వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. 40లో వెళ్లేటప్పుడు ఎంత హాయిగా ఉంటుంది, 80లో వెళ్తే గాలి ఎలా వెనక్కి తోస్తుంది? స్పీడ్ డబుల్ అయితే గాలి అడ్డం డబుల్ కాదు, నాలుగు రెట్లు అవుతుంది. పైపులో నీళ్లకి కూడా ఇంతే. నీళ్ల వేగం సగం చేస్తే పైపుల్లో, ఫిల్టర్‌లో రాపిడి నాలుగో వంతుకి పడిపోతుంది. మోటర్ పెట్టాల్సిన పవర్ అంటే నీళ్ల ప్రవాహం ఇంటూ ఆ ఒత్తిడి. సగం ఇంటూ పావు, అంటే ఎనిమిదో వంతు. దీన్ని అఫినిటీ లాస్ అంటారు. మెకానికల్ ఫ్రెండ్స్ ఉంటే కామెంట్‌లో అటెండెన్స్ వెయ్యండి.

లెక్క వేద్దాం. 1,500 వాట్ల మోటర్ రోజుకి 8 గంటలు తిరిగితే 12 యూనిట్లు. అదే మోటర్‌ని సగం స్పీడ్‌లో తిప్పితే లెక్క ప్రకారం సుమారు 188 వాట్లు. కానీ నీళ్లు సగమే కదులుతాయి కాబట్టి 16 గంటలు తిప్పాలి. 188 ఇంటూ 16, దగ్గరదగ్గర 3 యూనిట్లు. అవే నీళ్లు, అదే ఫిల్టర్. 12 యూనిట్ల పని 3 యూనిట్లకి అయిపోయింది. డబుల్ టైమ్ తిప్పి పావు వంతు కరెంట్! నిజంగా వాడేటప్పుడు మోటర్‌లో ఉండే నష్టాల వల్ల పూర్తిగా ఇంత రాదు. కానీ దగ్గరికి వస్తుంది.

మోటర్ దగ్గర ఎంత మిగులుతుందో కొలిచి చూసిన వాళ్లు కూడా ఉన్నారు. ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ వాళ్లు 120 పూల్స్ తీసుకుని చూశారు. అవసరానికి సరిపోయే చిన్న, మంచి పంపు పెడితే పంపు ఖర్చు 40 శాతం తగ్గింది. మోటర్ తిప్పే గంటలు తగ్గిస్తే 60 శాతం. రెండూ కలిపి చేస్తే 75 శాతం దాకా.

మరి విషయం తెలిసినప్పుడు ఎందుకు మార్చలేదు? నాకు ఈ కథలో బాగా తగిలిన పాయింట్ ఇదే. మోటర్ ఎంచుకునేది ఎవరు? పూల్ కట్టే కాంట్రాక్టర్. కరెంట్ బిల్లు కట్టేది ఎవరు? ఇంట్లో ఉండే వాళ్లు. కాంట్రాక్టర్‌కి కావాల్సింది రెండే. కొటేషన్‌లో రేటు తక్కువ కనిపించాలి, తర్వాత నీళ్లు పచ్చబడ్డాయని ఫోన్ రాకూడదు. అందుకే చవక మోటర్, అదీ అవసరం కంటే పెద్ద సైజు. దాని వల్ల పదేళ్ల పాటు బిల్లు ఎంతొచ్చినా అతని జేబులోంచి పోదు. ఇంటివాళ్లకేమో నెలాఖరికి ఒకటే బిల్లు వస్తుంది. అందులో ఏసీ ఎంత, మోటర్ ఎంత అని ఎవరికి తెలుస్తుంది? ఎంచుకునే వాడు ఒకడు, కట్టే వాడు ఇంకొకడు అయినప్పుడు ఫిజిక్స్ ఎంత కరెక్ట్‌గా ఉన్నా మార్కెట్‌లో గెలవదు.

ఈ ముడి మొదట విప్పింది కాలిఫోర్నియా, అదే 1974 చట్టంతో పుట్టిన ఎనర్జీ కమిషన్. 2006 జనవరి నుంచి పూల్ పంపుల్లో బాగా వృథా చేసే రెండు రకాల మోటర్లని అమ్మకూడదన్నారు. 2008 జనవరి నుంచి ఒక హార్స్‌పవర్, అంతకంటే పెద్ద మోటర్ అయితే కనీసం రెండు స్పీడులు ఉండాల్సిందే అన్నారు.

ఇందులో ఒక రూల్ చూసి సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. రెండు స్పీడులు ఉన్నాయి కదా అని జనం ఎప్పుడూ హైలోనే పెట్టేస్తే? అందుకని కంట్రోలర్‌కి కూడా రూల్ పెట్టారు. మామూలుగా నీళ్లు తిప్పేటప్పుడు డిఫాల్ట్ స్పీడ్, ఫుల్ స్పీడ్‌లో సగం దాటకూడదు. కావాలంటే హైలో పెట్టుకోండి, కానీ 24 గంటల్లోపు అదే మళ్లీ డిఫాల్ట్‌కి వచ్చెయ్యాలి. మనం యాప్‌లో సెట్టింగ్స్ ఎన్నిసార్లు మారుస్తాం చెప్పండి? ఫోన్ కొన్న రోజు ఎలా ఉందో చాలామందికి ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఆ కమిషన్ వాళ్లకి ఈ సంగతి తెలుసు. మనుషుల్ని మార్చే పని పెట్టుకోకుండా డిఫాల్ట్‌ని మార్చారు.

అదే టైమ్‌లో మోటర్ కూడా మారింది. శాశ్వత అయస్కాంతాలతో, ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో నడిచే మోటర్లు పూల్ పంపుల్లోకి వచ్చాయి. రెండు స్పీడులే కాదు, ఎంత కావాలంటే అంత స్పీడ్ పెట్టుకోవచ్చు. ఇదే కుటుంబం మీ ఇంట్లో కూడా ఉంది. బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్ పాత ఫ్యాన్‌లో సగం కరెంట్ కూడా తినకపోవడానికి కారణం ఇలాంటి మోటరే. ఇన్వర్టర్ ఏసీ కూడా గది చల్లబడ్డాక ఆగిపోకుండా కంప్రెసర్‌ని నెమ్మదిగా తిప్పుతూ ఉంటుంది.

దేశం మొత్తానికి రూల్ రావడానికి ఇంకా టైమ్ పట్టింది. పంపుల కంపెనీలు, కరెంట్ కంపెనీలు, ఎనర్జీ ఆదా చెయ్యాలని పోరాడే సంస్థలు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చాయి. దాని ఆధారంగా 2017 జనవరిలో ఎనర్జీ డిపార్ట్‌మెంట్ రూల్ ప్రకటించింది. అమల్లోకి వచ్చింది 2021 జూలై 19న. వేరియబుల్ స్పీడ్ పెట్టాలి అని అందులో నేరుగా రాయలేదు. ఒక యూనిట్ కరెంట్‌కి ఇన్ని నీళ్లు తిప్పాలి అని లెక్క పెట్టారు. మామూలు ఇంటి పూల్ సైజు పంపుల్లో ఆ లెక్క అందుకోగలిగేవి దాదాపుగా వేరియబుల్ స్పీడ్ పంపులే.

1973 ఆయిల్ సంక్షోభం నుంచి 2021 దాకా, 48 ఏళ్లు! అందులో కొత్తగా కనిపెట్టాల్సిన సైన్స్ చాలా తక్కువ.

అయినా ఒక సందు మిగిలిపోయింది. ఆ రూల్ కొత్త పంపులకి. మరి మోటర్ ఒక్కటే కాలిపోతే? పాత పంపుకి మళ్లీ చవక సింగిల్ స్పీడ్ మోటర్ బిగించుకోవచ్చు. అవును, మా బావగారికి టెక్నీషియన్ చెప్పిన మొదటి ఆప్షన్ సరిగ్గా అదే! ఈ సందు మూయడానికి 2023లో విడిగా మోటర్లకి ఇంకో రూల్ తెచ్చారు, అది 2025 సెప్టెంబర్ నుంచి దశలవారీగా మొదలైంది. అక్కా వాళ్ల మోటర్ కాలింది అంతకుముందే. అంటే ఆ రోజు వాళ్లకి ఏ చట్టమూ అడ్డం లేదు. ఎంచుకునేదీ వాళ్లే, కట్టేదీ వాళ్లే.

నేను బావగారికి పైన చెప్పిన 12 యూనిట్లు, 3 యూనిట్ల లెక్క రాసి పంపాను. ఆయన రెండో ఆప్షనే తీసుకున్నారు. కొత్త పంపు డిస్‌ప్లే మీద వాట్లు కనిపిస్తాయి. మొదటి రోజు ఫుల్ స్పీడ్‌లో పెడితే 1,600 పైన చూపించింది. సగానికి దించితే 250 లోపే. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. అయితే ఇంకా తగ్గిద్దామని మరీ కిందికి దించితే కుదరదు. క్లోరిన్ ఇచ్చే పరికరానికి, సోలార్ ప్యానెల్స్‌కి కనీసం ఇంత ప్రవాహం ఉండాలని ఉంటుంది. నీళ్లు శుభ్రంగా ఉండటం ముఖ్యం, యూనిట్లు ఆ తర్వాతే.

ఇప్పుడు మీరు అడుగుతారు, "అన్నా, మాకు పూల్ లేదు, మాకేంటి?" అని. రెండు విషయాలు చెప్పి ముగిస్తా.

ఒకటి, దీన్ని ప్రతి మోటర్‌కీ అప్లై చెయ్యకండి. మన అపార్ట్‌మెంట్లో సంప్ నుంచి పై ట్యాంక్‌కి నీళ్లు ఎక్కించే మోటర్ రాపిడితో కాదు, ముఖ్యంగా ఎత్తుతో పోరాడుతుంది. ఎంత మెల్లగా తిప్పినా ఐదో అంతస్తు ఐదో అంతస్తే, కిందికి దిగి రాదు. మరీ స్పీడ్ తగ్గిస్తే నీళ్లు పైకే ఎక్కవు. ఎనిమిదో వంతు మ్యాజిక్ పనిచేసేది నీళ్లు గుండ్రంగా తిరిగి అదే చోటికి వచ్చే పూల్ లాంటి వాటిలో.

రెండోది, హైదరాబాద్‌లో కానీ, వైజాగ్‌లో కానీ మీరు ఉండే కమ్యూనిటీలో పూల్ ఉంటే, దాని మోటర్ ఎంచుకున్నది బిల్డర్. మెయింటెనెన్స్ కట్టేది మీ ఇంట్లో వాళ్లు. ఈసారి మీటింగ్‌లో మూడు ప్రశ్నలు అడగండి. ఆ మోటర్‌కి ఎన్ని స్పీడులు? రోజుకి ఎన్ని గంటలు తిరుగుతోంది? దానికి విడిగా మీటర్ ఉందా? మూడోదానికి లేదు అని జవాబు వస్తే, మొదటి రెండింటి గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించలేదని అర్థం.

పోయిన సంక్రాంతికి అక్కతో వీడియో కాల్ మాట్లాడుతున్నా. తను పెరట్లోనే కూర్చుంది. "మోటర్ ఆపేశావా అక్కా, సౌండ్ రావట్లేదు?" అన్నాను. "ఆపలేదు రా, తిరుగుతూనే ఉంది" అంది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.